ఇక ఇంటికే కదా!



వేసవి ముగిసి, అమెరికాలోని పిల్లల ఇళ్ల నుంచి మన ప్రాంతపు పెద్దలు ఒక్కొక్కరుగా తిరిగి వస్తున్న రోజులివి. సాయంత్రం వేళ కోరుకొండలో కొండ కింది గుడి దగ్గర నలుగురం కూర్చుంటే, ముగ్గురి మాటల్లో ఏదో ఒక అమెరికా ఊరి పేరు వినిపిస్తోంది. నేనూ, నా భార్యా కూడా ఈ మధ్యే మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాం. గ్రాండ్ క్యాన్యన్ చూసి వచ్చారు కదా, దాని గురించి రాయండి అని కొందరు మిత్రులు అడిగారు. ఆ లోయ సౌందర్యాన్ని నాకన్నా బాగా వర్ణించగలవారు ఎందరో ఉన్నారు. ఒక వైద్యుడిగా నేను రాయవలసింది, ఆ యాత్రలో మేమెవరమూ ఒక్క ఫొటో కూడా తీయని రోజును గురించి. అది తిరుగు ప్రయాణపు రోజు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. కుటుంబంతో కారు యాత్ర చేసేటప్పుడు మనం చివరి రోజును యాత్రలో భాగంగా లెక్కించడం లేదు. చూడవలసినవన్నీ చూసేశాం, ఇక ఇంటికే కదా అనుకుని, ఎంత దూరం మిగిలిపోతే అంత దూరాన్నీ ఆ ఒక్క రోజు నెత్తిన వేస్తున్నాం. అయిదారు రోజుల అలసట పోగుపడి ఉన్న రోజునే అన్నిటికంటే ఎక్కువ దూరం కారు నడుపుతున్నాం. ఈ పద్ధతి ప్రమాదకరమైనది. ఇందులో కారు నడిపే పిల్లల తప్పు ఎంత ఉందో, వెనుక సీటులో నోరు మెదపకుండా కూర్చునే మన తప్పు కూడా అంతే ఉంది.

మా అబ్బాయి ఉండేది శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరలోని ఫ్రీమాంట్‌లో. మేము స్వదేశానికి తిరిగి రావడానికి వారం పది రోజుల ముందు, దొరికిన అయిదు రోజుల సెలవులో లాస్ ఏంజెలెస్, లాస్ వేగాస్, గ్రాండ్ క్యాన్యన్ చూపించాలని మమ్మల్ని బయలుదేరదీశాడు. వాడు, కోడలు, ఎనిమిదేళ్ల మనవరాలు, నాలుగేళ్ల మనవడు, మేమిద్దరం. మొదటి నాలుగు రోజులూ హాయిగా గడిచాయి. రోజుకు నాలుగైదు గంటల ప్రయాణం, దారిలో ఆగుతూ, తింటూ, పిల్లలను ఆడించుకుంటూ.

చివరి రోజు ఆదివారం. సోమవారం ఉదయం వాడికి ఆఫీసులో ముఖ్యమైన సమావేశం. గ్రాండ్ క్యాన్యన్ దక్షిణపు అంచు నుంచి ఫ్రీమాంట్‌కు ఇంచుమించు 1,200 కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే రాజమండ్రి నుంచి హైదరాబాదు వెళ్లి, తిరిగి వచ్చి, మళ్లీ హైదరాబాదు వెళ్లినంత దూరం. ఎక్కడా ఆగకపోయినా పన్నెండు గంటలు పడుతుంది. అక్కడి రోడ్లు బాగుంటాయి కనుక ఈ దూరం ఎవరికీ భయం కలిగించదు. పైగా సూర్యోదయం వేళ ఆ లోయ రంగులు మారడం తప్పక చూడాలని అందరూ చెప్పారని తెల్లవారుజామున నాలుగింటికే లేచాం. ఆ ముందు రాత్రి మా వాడు పదకొండున్నర దాకా కంప్యూటరు ముందు కూర్చుని మర్నాటి సమావేశానికి కాగితాలు సిద్ధం చేసుకున్నాడు. అంటే నిద్ర నాలుగున్నర గంటలు. ఈ లెక్క నేను ఆ రోజు వేయలేదు. వేయవలసినవాణ్ణి నేనే.

సూర్యోదయం చూసి, ఫలహారం చేసి, సామాను సర్దుకుని కదిలేసరికి ఎనిమిదిన్నర. విలియమ్స్ దాటి కింగ్‌మన్‌లో భోజనం. ఆ తరువాత కొలరాడో నది దాటి నీడిల్స్ అనే ఊరి దగ్గర కాలిఫోర్నియాలో ప్రవేశించాం. కారు మీటరులో ఎండ 112 ఫారెన్‌హీటు చూపిస్తోంది, మన లెక్కలో 44 డిగ్రీలు. అక్కడి నుంచి బార్‌స్టో దాకా మొహావీ ఎడారి మీదుగా 230 కిలోమీటర్ల దారి. చెట్టు లేదు, ఊరు లేదు, గీత గీసినట్టు రోడ్డు. కారులో చల్లని గాలి. పిల్లలు నిద్రపోయారు, కోడలు నిద్రపోయింది, మధ్యాహ్నం రెండున్నరకు ముందు సీటులో నేనూ కునుకు తీస్తున్నాను.

గరగరమని పెద్ద శబ్దానికి ఉలిక్కిపడి లేచాను. ఆ దేశంలో హైవే అంచున రోడ్డు మీద అడ్డంగా గాడులు చెక్కి ఉంచుతారు. చక్రం వాటి మీదికి వెళితే కారంతా అదిరి శబ్దం వస్తుంది. నిద్రలోకి జారిన డ్రైవరును లేపడానికే ఆ ఏర్పాటు. మా వాడు స్టీరింగును సరిచేసుకుని, "ఏం లేదు నాన్నా, కొంచెం పక్కకు వెళ్లింది" అన్నాడు. కిటికీ అద్దం దించాడు. కొలిమి ముందు నిలుచున్నట్టు వేడిగాలి కొట్టింది. అద్దం ఎక్కించి, పాటల శబ్దం పెంచాడు.

నేనేమీ మాట్లాడలేదు. ముప్పై ఏళ్లకు పైగా గోకవరం రోడ్డు మీద దెబ్బలు తగిలి వచ్చిన లారీ డ్రైవర్లకు కుట్లు వేస్తూ, నిద్ర వచ్చినప్పుడు బండి ఆపవయ్యా అని మందలించిన మనిషిని. కిటికీ తెరవడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవని వాళ్లకు వందసార్లు చెప్పినవాణ్ణి. అయినా నా కన్నకొడుకు పక్కన కూర్చుని అరగంట సేపు మాట్లాడలేదు. ఎందుకని తరువాత చాలాసార్లు ఆలోచించాను. దేశం వాడిది, కారు వాడిది, దారి నాకు తెలియదు, మర్నాడు ఉద్యోగం వాడిది. మా కోసమే సెలవు పెట్టి, మా కోసమే ఇంత ఖర్చు చేసి తిప్పుతున్నాడు. ఇప్పుడు నేను ఆపమంటే వాడి పని చెడగొట్టినవాడినవుతానేమో! ఇలాంటి మొహమాటం నాకొక్కడికే కాదనీ, అమెరికా వెళ్లివచ్చిన పెద్దలందరికీ ఉందనీ ఇక్కడికి వచ్చాక నలుగురితో మాట్లాడితే అర్థమైంది.

చివరికి మాట్లాడింది వైద్యం చదవని నా భార్య. "నాన్నా, నాకు తల తిరుగుతోంది. తరువాత వచ్చే ఊళ్లో ఆపు. ఈ రాత్రికి నేను ఇక కదల్లేను" అంది. వాడు కంగారుపడ్డాడు. నాలుగింటికి బార్‌స్టోలో ఒక మోటెల్లో గదులు తీసుకున్నాం. వాడు బూట్లయినా విప్పకుండా మంచం మీద వాలి, అయిదు గంటల పాటు కదలకుండా నిద్రపోయాడు. లేచాక ఆఫీసుకు నాలుగు వాక్యాల సందేశం పంపాడు. సమావేశం మంగళవారానికి మారింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

నా భార్యను పక్కకు పిలిచి, నిజంగా తల తిరిగిందా, వాణ్ణి ఆపడానికి అన్నావా అని అడిగాను. "మొదట ఆపడానికే అన్నానండీ, కారు దిగేసరికి నిజంగానే తిరిగింది" అంది. చెప్పులు కాళ్లకు పట్టడం లేదు. రెండు పాదాలూ వాచి ఉన్నాయి. విచారిస్తే, తెల్లవారుజామున కాఫీ తాగిన తరువాత ఆవిడ తాగినది అరగ్లాసు నీళ్లు. బీపీకి వాడే నీటి మాత్ర ఆ ఉదయం మానేసింది. మాటిమాటికీ కారు ఆపమనవలసి వస్తుందని!

ఈ రెండో సంగతి మీద కాసేపు ఆగుతాను, ఎందుకంటే డ్రైవరు నిద్ర గురించి అక్కడా ఇక్కడా కొందరైనా రాస్తున్నారు. వెనుక సీటులోని పెద్దవాళ్లు చేసే ఈ పనిని గురించి ఎవరూ రాయడం లేదు. మూత్రానికి ఆపమని అడగడం మనవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, చిన్నతనం. కోడలి ముందు మరీ చిన్నతనం. అందుకని నీళ్లు మానేస్తారు. ఎడారి గాలిలో, ఏసీ గాలిలో చెమట పట్టినట్టు తెలియదు కనుక దాహం కూడా పెద్దగా అనిపించదు. వయసు మీదపడ్డాక దాహం తెలిసే శక్తి ఎలాగూ తగ్గుతుంది. రక్తం చిక్కబడి, లేచి నిలుచుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మూత్రంలో మంట మొదలవుతుంది. షుగరు ఉన్నవారిలో మూత్రపిండాల మీద భారం పడుతుంది.

మగవారి కథ వేరు. అరవై దాటిన వారిలో ప్రోస్టేటు గ్రంథి కొంత పెరిగి ఉండడం సాధారణం. తరువాతి ఊళ్లో వెళ్దాంలే అని మూడు నాలుగు గంటలు బిగబట్టుకున్నాక, తీరా వెళితే మూత్రం రాదు. దీనికి తోడు కారులో వాంతి రాకుండా వేసుకునే మాత్రలు, జలుబు మాత్రలు చాలావరకు ఈ ఇబ్బందిని పెంచేవే. ఆ మాత్రలు మత్తునూ ఇస్తాయి. కారు నడిపేవారు వాటిని వేసుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు. పరదేశంలో, ఆదివారం నాడు, మూత్రం బంధించి అత్యవసర విభాగానికి వెళితే ఎంత బిల్లు వస్తుందో మీ పిల్లలను అడిగి చూడండి. అయిదు నిమిషాలు కారు ఆపడం వాళ్లకు ఎంత చౌకో అప్పుడు తెలుస్తుంది.

నీటి మాత్ర విషయంలో సొంత నిర్ణయం వద్దు. ప్రయాణపు రోజున దానిని ఏ వేళకు మార్చుకోవచ్చో మీ వైద్యుణ్ణి ముందే అడగండి. చాలామందికి వేళ మార్చడం కుదురుతుంది. మానేయడం మాత్రం, గుండె బలహీనంగా ఉన్నవారికి, ఆయాసంతో ముగియవచ్చు.

షుగరు ఉన్నవారికి చివరి రోజు మరో గండం. ఉదయం మాత్ర వేసుకుంటారు, లేదా ఇన్సులిన్ చేసుకుంటారు. ఫలహారం తొందరలో సగం తింటారు. "ఇంకో గంటలో మంచి చోటు వస్తుంది, అక్కడ తిందాం" అని భోజనం రెండున్నర దాకా సాగుతుంది. ఈలోగా షుగరు పడిపోతే, ఇంట్లో అయితే చెమటలు, వణుకు చూసి ఎవరో ఒకరు గుర్తిస్తారు. కారులో ఏమవుతుంది? పెద్దాయన వెనుక సీటులో తల వాల్చి కళ్లు మూసుకుంటారు. పాపం అలసిపోయారు, నిద్రపోనీయండి అంటారు అందరూ. షుగరు మందు వాడే మనిషి భోజన వేళ దాటాక నిద్రపోతున్నట్టు కనిపిస్తే, లేపి చూడండి. పలకరిస్తే సరిగా మాట్లాడుతున్నారో లేదో గమనించండి. తెలివి ఉంటే పంచదార కలిపిన నీళ్లో, పండ్లరసమో ఇవ్వండి. తెలివి లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, వెంటనే 911కు ఫోన్ చేయండి.

ఇన్సులిన్ గురించి ఒక్క మాట. కొత్త సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి. వాడుకలో ఉన్న సీసా లేదా పెన్ను నీడపట్టున మామూలు గది వేడిలో ఇంచుమించు నాలుగు వారాలు నిలుస్తుంది. భోజనానికి ఆగినప్పుడు కారులో వదిలేస్తే, బయట 44 డిగ్రీలున్న ఎండలో, మూసిన కారు లోపల అంతకన్నా ఎంతో వేడెక్కి ఆ మందు చెడిపోతుంది. మందు చూడడానికి మునుపటిలాగే ఉంటుంది, పని మాత్రం చేయదు. అందుకని చేతిసంచిలో పెట్టుకుని మీతోపాటు దిగండి. కరెంటు లేని ఊళ్లలో మన పేషెంట్లు తడి ఇసుకలో పెట్టిన మట్టికుండలో ఇన్సులిన్ దాచుకునేవారు. వాళ్లకున్న జాగ్రత్త, లక్షల ఖరీదు చేసే కార్లలో తిరిగే మనకు లేకపోతే ఎలా?

ఇక నిద్ర సంగతి. మనిషి ఏకధాటిగా పదిహేడు గంటలు మెలకువగా ఉంటే, అతని చేతి వేగం, చూపు, నిర్ణయం ఎలా మందగిస్తాయంటే, రక్తంలో మద్యం 0.05 శాతం ఉన్నవాడితో సమానమని పరిశోధనలు తేల్చాయి. ఇరవై నాలుగు గంటలకు అది 0.10 శాతంతో సమానం. మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం, అంటే 0.03 శాతం, దాటితే బండి నడపడం నేరం. మా వాడు నాలుగింటికి లేచాడు. రాత్రి తొమ్మిదికి పదిహేడు గంటలు నిండుతాయి. ముందు రాత్రి నిద్ర కొరత వేరే. అనుకున్న ప్రకారం ఇల్లు చేరేది రాత్రి పదకొండు దాటాక. చుక్క ముట్టని మా అబ్బాయి, తల్లినీ తండ్రినీ భార్యాబిడ్డలనూ ఎక్కించుకుని, చివరి రెండు గంటలూ తాగినవాడితో సమానంగా చీకట్లో కారు నడిపి ఉండేవాడు.

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, మళ్లీ అర్ధరాత్రి దాటాక తెల్లవారేదాకా, మన శరీరంలోని గడియారమే నిద్ర వైపు లాగుతుంది. భోజనం చేసినా చేయకపోయినా ఇది జరుగుతుంది. అలసిన మెదడు ఆ వేళల్లో మూడు నాలుగు క్షణాల పాటు మనకు తెలియకుండానే ఆగిపోతుంది. వైద్యులు దీనిని మైక్రోస్లీప్ అంటారు. కళ్లు తెరిచి ఉన్నా ఇది రావచ్చు. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే కారు 120 మీటర్లు ఎవరూ నడపకుండానే పోతుంది. నిద్ర వచ్చిందని ఒప్పుకోనివారికి కూడా ఇది వస్తుంది. మా వాడు ఇప్పటికీ నేను నిద్రపోలేదు నాన్నా అంటాడు. వాడు అబద్ధమాడడం లేదు, వాడికి తెలియదు.

దీనికి ఉన్న మందు నిద్ర ఒక్కటే. ప్రయాణం ఇంకా కొద్దిగా మిగిలి ఉంటే, సురక్షితమైన చోట కారు ఆపి, ఒకటి రెండు కప్పుల కాఫీ తాగి, వెంటనే పదిహేను ఇరవై నిమిషాలు కునుకు తీయడం కొంత పనిచేస్తుంది. కాఫీ పని మొదలుపెట్టడానికి అరగంట దాకా పడుతుంది కనుక, లేచేసరికి రెండూ కలిసివస్తాయి. కానీ ఇది గంటో, రెండు గంటలో గడపడానికే. ఆరు గంటల దారికి ఇది చాలదు.

చట్టాలు ఏమంటున్నాయో చూడండి. మన దేశంలో 2025 దాకా ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని చాలనేది, అయిదు గంటలకొకసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనేది. అమలు సంగతి మీకు తెలిసిందే. అమెరికాలో సరకు లారీ నడిపేవాడు పది గంటల విశ్రాంతి తరువాత పదకొండు గంటలకు మించి బండి నడపకూడదు, అదీ పని మొదలుపెట్టిన పద్నాలుగు గంటల లోపల. ఐరోపాలో నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట ఆగవలసిందే. ఇదంతా జీవితమంతా బండి నడపడమే పనిగా పెట్టుకున్నవారికి. వారమంతా కుర్చీలో కూర్చుని, ఏడాదికొకసారి దూరప్రయాణం చేసే మన పిల్లలకు ఏ చట్టమూ అడ్డురాదు. బొగ్గు మోసే లారీకి వాళ్ల ప్రభుత్వం ఇవ్వని అనుమతిని, కన్నవాళ్లను మోసే కారుకు మనమే ఇచ్చేస్తున్నాం.

అక్కడి మాటే ఎందుకు? 2015 జూన్‌లో, గోదావరి పుష్కరాలకు నెల రోజుల ముందు, తిరుపతి వెళ్లి వస్తున్న విశాఖ జిల్లా కుటుంబం ప్రయాణిస్తున్న వాహనం రాత్రివేళ ధవళేశ్వరం బ్యారేజీ మీది నుంచి కింద పడిపోయింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఒక బాలుడు మిగిలాడు. దర్శనం అయిపోయింది, ఇక ఇంటికే. ఆ రోజు రాజమండ్రి ప్రాంతంలో వైద్యం చేస్తున్న మాలో ఎవరమూ దానిని మరిచిపోలేం.

మా కోరుకొండ కొండ మీద లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి ఆరు వందలకు పైబడిన మెట్లున్నాయి. ఫాల్గుణంలో తీర్థం రోజుల్లో కొండ కింద ప్రథమ చికిత్స శిబిరంలో నేను చాలా ఏళ్లు కూర్చున్నాను. ఎక్కేటప్పుడు ఆయాసంతో వచ్చేవారు కొందరు. చీలమండ మెలిక పడి, మోకాలు పట్టేసి, తల పగిలి వచ్చేవారిలో ఎక్కువమంది దిగేటప్పుడు పడినవారే. ఎక్కేటప్పుడు ప్రతి మెట్టూ చూసుకుంటారు, ఆగి ఊపిరి తీసుకుంటారు, పక్కవారి చేయి పట్టుకుంటారు. దర్శనమయ్యాక ప్రసాదం చేతిలో పెట్టుకుని, మాటల్లో పడి, బస్సు వేళ చూసుకుంటూ దిగుతారు. తొడ కండరాలు అప్పటికే వణుకుతుంటాయి. పైగా మెట్టు దిగేటప్పుడు శరీరపు బరువును ఆపుతూ సాగవలసి రావడం వల్ల ఆ కండరాలకు దెబ్బ ఎక్కువ.

నా భార్య పాదాల వాపు దగ్గరికి వస్తాను. రెండు పాదాలూ సమానంగా వాచి, రాత్రి కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని పడుకుంటే తెల్లవారేసరికి తగ్గితే భయం లేదు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారిలో ఈ వాపు ఇంకాస్త ఎక్కువ కనిపిస్తుంది. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే మాత్రం అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తాయి, ప్రాణం పోవచ్చు. విమానాల్లోనే ఇది వస్తుందని మనవాళ్లలో ఒక అపోహ. 1940లో లండన్ మీద జర్మనీ బాంబులు వేస్తున్నప్పుడు, నేలమాళిగల్లో రాత్రంతా మడత కుర్చీల్లో కూర్చున్నవారు ఇలా చనిపోవడాన్ని కీత్ సింప్సన్ అనే వైద్యుడు గుర్తించి రాశాడు. 2003లో ఇరాక్ యుద్ధ వార్తలు పంపుతూ రోజుల తరబడి సైనిక వాహనంలో ఇరుకుగా కూర్చున్న అమెరికన్ టీవీ విలేకరి డేవిడ్ బ్లూమ్ 39 ఏళ్లకే దీనివల్ల మరణించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, నాలుగు గంటలకు మించి కదలకుండా చేసే ఏ ప్రయాణమైనా, విమానం, రైలు, బస్సు, కారు ఏదైనా సరే, ఈ ముప్పును ఇంచుమించు రెట్టింపు చేస్తుంది. కంగారుపడకండి, మొత్తం మీద చూస్తే అది ఆరు వేల మందిలో ఒకరికి వచ్చే ముప్పు. అయితే వయసు, లావు, ఈమధ్య జరిగిన ఆపరేషన్, క్యాన్సర్, ఇదివరకు ఒకసారి గడ్డకట్టి ఉండడం, వీటిలో ఏది తోడైనా ముప్పు పెరుగుతుంది. తక్కువ వ్యవధిలో మళ్లీ ప్రయాణం చేసినా పెరుగుతుంది.

ఇక్కడే మన వాళ్ల ఏర్పాట్లు నాకు నచ్చవు. అమ్మానాన్నలు వెళ్లిపోతున్నారు, ఈలోగా చూపించేద్దాం అని యాత్రను చివరి వారంలో పెడతారు. ఆదివారం పన్నెండు గంటలు కారులో, గురువారం పదహారు గంటలు విమానంలో. వీలైతే ఈ యాత్రను వెళ్లిన నెల రోజుల తరువాత, ఒంటికి అక్కడి వేళలు అలవాటయ్యాక పెట్టుకోండి. రెండు గంటలకొకసారి కారు దిగి అయిదు నిమిషాలు నడవండి. కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించుతూ ఉండండి, పిక్క కండరం పిండినప్పుడే కింది రక్తం పైకి వెళుతుంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారు ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి కలిస్తే బిగుతు మేజోళ్లో, మందో ఆయన నిర్ణయిస్తారు. ఎవరో చెప్పారని సొంతంగా ఆస్పిరిన్ వేసుకోవడం దీనికి మందు కాదు.

ఇవన్నీ బాగానే ఉన్నాయి డాక్టరుగారూ, పిల్లలకు సెలవు ఎక్కడిది అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను అదనపు సెలవు పెట్టమనడం లేదు. చూసే చోట్లలో ఒకటి తగ్గించండి అంటున్నాను. ఇందులో పెద్దలుగా మన బాధ్యతా ఉంది. ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చాం, మళ్లీ వస్తామో రామో, అది కూడా చూసేద్దాం అని పిల్లల ప్రాణం తీసేది మనమే. మా యాత్రలో లాస్ వేగాస్‌లో రెండో రాత్రి ఉందాం అన్నది నేనే. ఆ దీపాలన్నీ ఒక్క రాత్రిలో చూసి ఉంటే, చివరి దారిలో బార్‌స్టో మజిలీ ముందే కుదిరేది. ఇంట్లో ఇద్దరికి లైసెన్సు ఉన్నా అంతసేపూ ఒక్కరే నడపడం కూడా మన మగవాళ్ల పౌరుషంలో భాగం. కోడలు నడుపుతుంటే మామగారు ముందు సీటులో కూర్చుని ఊపిరి బిగబట్టడం మానేస్తే, ఆ అమ్మాయి కూడా ధైర్యంగా చేయి కలుపుతుంది. ఇది మా ఇంటి సంగతే, మీ ఇళ్లలో వేరేగా ఉంటే సంతోషం.

బార్‌స్టో చూడదగ్గ ఊరేమీ కాదు. మర్నాడు ఉదయం ఎనిమిది దాకా అందరం నిద్రపోయాం. నా భార్య కాళ్ల వాపు తీసింది. మనవలిద్దరూ మోటెల్ ఈతకొలనులో గంటసేపు గంతులు వేశారు. కోడలు మొదటి రెండు గంటలూ కారు నడిపి టెహాచపీ కొండలు దాటించింది, బేకర్స్‌ఫీల్డ్ నుంచి మా వాడు అందుకున్నాడు. నాలుగుసార్లు ఆగాం, రెండుసార్లు ఆపమన్నది నేనే. సాయంత్రం వెలుగుండగానే ఇల్లు చేరాం.

వచ్చే వేసవిలో మా వియ్యంకులు వెళుతున్నారు. వాళ్లను ఎల్లోస్టోన్ తీసుకెళ్లడానికి మా వాడు ఇప్పటి నుంచే దారి గీస్తున్నాడు. ఆ కాగితం మాకూ పంపాడు. తిరుగు దారిలో నెవాడా రాష్ట్రంలోని ఎల్కోలో ఒక రాత్రి, రీనోలో ఒక రాత్రి అని రాసి ఉంది. మొన్న వియ్యపురాలు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, ఆ ఎల్కోలో చూడడానికి ఏముందండీ?" అని అడిగారు.

"మంచం ఉందమ్మా" అన్నాను.